బయటి గొళ్ళెం

వీధిలో అందరూ ఆయన్ని చలిమావయ్య అనేవారు. ముప్ఫై ఏళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న మనిషికి ఆ పేరు రాకపోతే ఇంకెవరికొస్తుంది? ఆ లెక్కన ఆయన భార్య చలత్తయ్య కావాలి. కానీ ఆవిడ నోటికి జడిసి ఎవరూ అలా అనలేదు, కుట్టత్తయ్య అన్నారు. ముందుగదిలో మిషను పెట్టుకుని సోఫాలకూ కారు సీట్లకూ తొడుగులు కుట్టేది. మందపాటి రెగ్జిను లాగిలాగి ఆవిడ బొటనవేలు కాయ కాసింది. దేనికీ అదిరే మనిషి కాదని పేరు. అది వట్టి పేరేనని ఆవిడకొక్కదానికే తెలుసు.

రెండేళ్ల క్రితం చలిమావయ్య ఐస్‌క్రీములు మోసే పాత బండి ఒకటి తోలుకొచ్చాడు. ముందు చిన్న క్యాబిన్, దాంతో సంబంధం లేకుండా వెనక తెల్లటి ఫైబరు పెట్టె. గోడలు జానెడు మందం.

“దీంట్లో మనిద్దరం ఊళ్లు తిరుగుదామే,” అన్నాడు.

“ఐస్‌ఫ్రూట్లలాగా పడుకునా?” అందావిడ.

ఎన్ని అన్నా పరుపు కుట్టింది తనే. ఆయన సెలవు దొరికినప్పుడల్లా అందులో దూరి, మడతపెట్టే బల్లమంచం, దాని కింద నీళ్ల డబ్బా, బ్యాటరీతో తిరిగే ఫ్యాను అమర్చాడు. పైకప్పుకు గాలిరంధ్రం చేసి దానిమీద, గాలి ఆడేలా, పాత మోటారు మూత కప్పాడు. బయట మాత్రం చెయ్యి పెట్టలేదు. వెలిసిపోయిన ఐస్‌క్రీము బొమ్మ అలాగే ఉంది. “ఇల్లులా కనిపిస్తే పదిమంది తలుపు కొడతారు. పనిబండిలా కనిపిస్తే ఎవడూ తిరిగి చూడడు. ఎక్కడ ఆపితే అక్కడే మన పడక,” అనేవాడు. తలుపుకు లోపల గడియ పెట్టాడు. బయట వేలాడే పాత గొళ్ళెం పీకెయ్యడమొక్కటే మిగిలింది. ఆ పని వచ్చే ఆదివారమన్నాడు. ఆ ఆదివారం రాకముందే, కొట్లో ఎవరిదో ఫ్రిజ్ వెనకాల కడుపు పట్టుకుని పడిపోయాడు.

పేగుకు చిల్లు పడిందన్నారు. ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి అంబులెన్సులో తీసుకెళ్లారు. ఆవిడ ఆ బండే తోలుకుంటూ వెనకాల వెళ్లింది. సాయంత్రానికి ఆపరేషను అయింది. రాత్రి ఎనిమిది దాటాక లోపల ఎవరూ ఉండకూడదట. వెంట వచ్చినవాళ్లు పడుకునే హాలేమో బాగుచేతకని పగలగొట్టి పెట్టారు.

“ఈ రాత్రి గడవాలమ్మా,” అంది డ్యూటీ నర్సు. “మళ్లీ రక్తం పోతే ఏ క్షణమైనా పిలుస్తాం. పావుగంటలో రాగలరా?”

“పక్కవీధిలోనే మా వాళ్ల ఇల్లు,” అంది కుట్టత్తయ్య. పక్కవీధిలో ఆవిడకు తెలిసినవాళ్లు కాదు కదా, తెలిసిన కుక్క కూడా లేదు.

బళ్లు నిలిపేచోట పెద్ద బోర్డుంది. రాత్రిపూట వాహనాల్లో మనుషులు ఉండరాదు, ఉంటే గేటు బయటికి పంపబడును. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. దుప్పట్లు ఉతకడానికి మోసుకెళ్లే బండికీ జనరేటరు గదికీ మధ్య తన బండి ఇరికించింది. కాపలా మనిషి అటు తిరిగేదాకా ఆగి, చెప్పులు చేత్తో పట్టుకుని పెట్టెలోకి ఎక్కి గడియ పెట్టుకుంది. జన్మలో ఒకరి గుమ్మంలోకి దొంగతనంగా అడుగు పెట్టి ఎరగదు.

దీపం వెయ్యలేదు. ఫ్యాను వేస్తే చప్పుడవుతుందని అదీ వెయ్యలేదు. ఫోను గుండెలమీద పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. అది మోగుతుందేమోనని భయం. మోగకపోతే చార్జింగు అయిపోయిందేమోనని ఇంకో భయం. చూస్తే నలభై శాతం ఉంది. మళ్లీ చూసింది. నలభయ్యే. ఇలా చూస్తూంటేనే అయిపోతుందని బోర్లా పెట్టింది.

పన్నెండు దాటాక గాలిరంధ్రంలోంచి అడుగుల చప్పుడు వినిపించింది. బండి చుట్టూ తిరిగి తలుపు దగ్గర ఆగింది. అంచు సందులోంచి టార్చి వెలుతురు సన్నటి గీతలా లోపల పడింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

“తలుపు కూడా వేసుకోకుండా పోతారు, ఏం డ్రైవర్లో!” అని బయట ఎవరో గొణిగారు. టక్కుమని ఇనుము చప్పుడు. గొళ్ళెం పడింది.

అప్పుడే అరవాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ అరిస్తే బయటికి గెంటేస్తారు, గెంటేస్తే పావుగంటలో ఎలా రావడం? తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండిపోయింది. అడుగులు దూరమయ్యాక మెల్లగా లేచి గడియ తీసి తలుపు తోసింది. కదల్లేదు. భుజంతో తోసింది. ఊహూఁ.

తెల్లారితే జనం వస్తారు, అప్పుడు పిలవచ్చులే అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూనే, గాలి సరిపోతుందా అని పైకి చెయ్యి చాచింది. చల్లగాలి వేళ్లకు తగిలింది. అయినా గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే అనిపించింది. ఒళ్లంతా చెమట. తలుపు తెరిచి ఉన్నప్పుడు పదిసార్లు కూర్చున్న చోటే అది. ఇప్పుడు ఎలుకబోను.

రెండున్నరకు ఫోను మోగింది.

“అమ్మా, మళ్లీ రక్తం పోతోంది. థియేటరుకి తీసుకెళ్తున్నాం. మీరొచ్చి సంతకం పెట్టాలి. ఎంతసేపట్లో వస్తారు?”

“వచ్చేస్తున్నా,” అని పెట్టేసింది. పెట్టేశాక గానీ తానేమన్నదో తెలిసిరాలేదు.

రెండు చేతులతో తలుపు బాదింది. కాళ్లతో తన్నింది. “ఎవరైనా ఉన్నారా? తలుపు తియ్యండి!” అని గొంతు చించుకుంది. అరుపులు ఆ మందపు గోడల్లోనే ఇంకిపోయాయి. లోపల మనం పోట్లాడుకున్నా బయటికి వినపడదే అని ఆయన మురిసిపోయిన గోడలే అవి. పైగా అప్పుడే పక్కన జనరేటరు మొదలైంది. సిగ్గూ బోర్డూ గేటూ అన్నీ ఆ క్షణంలో కొట్టుకుపోయాయి. నర్సు నంబరు నొక్కింది.

“అమ్మా, నేను అబద్ధమాడాను. పక్కవీధిలో లేను. మీ ఆవరణలోనే, ఐస్‌క్రీము బండి పెట్టెలో ఉన్నాను. బయట గొళ్ళెం పడింది.”

“ఏ పెట్టెలో?”

“జనరేటరు పక్కన తెల్ల బండి ఉందమ్మా. నేను బాగానే ఉన్నా, నాకు పిచ్చి లేదు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఎవర్నన్నా పంపు తల్లీ!”

ఎంతసేపు పట్టిందో ఆవిడకు తెలియలేదు. నాలుగు నిమిషాలేనని తర్వాత నర్సు చెప్పింది. తలుపు తెరుచుకోగానే బయటికి పడబోయిన ఆవిడను కాపలా ఆయన పట్టుకున్నాడు. నెరిసిన మీసాల మనిషి.

“ఇది వేసింది నేనేనమ్మా! మనిషున్నారని కల్లో కూడా అనుకోలేదు. ఎందుకు పలకలేదమ్మా?”

“పంపేస్తావని, అన్నా.”

ఆయన టార్చి చూపిస్తూ ముందు పరిగెత్తాడు. ఆవిడ చెప్పుల్లేకుండా వెనకాల పరిగెత్తింది. థియేటరు గుమ్మం దగ్గర నర్సు కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కుట్టత్తయ్య సంతకం గీతలు గీతలుగా పడింది. “సరిపోతుందా?” అని అడిగింది. “చాలమ్మా,” అని నర్సు లోపలికి వెళ్లిపోయింది.

ఆ తలుపు మూడు గంటలు మూసే ఉంది. కాపలా ఆయన రెండుసార్లు వచ్చి చూశాడు. రెండోసారి టీ తెచ్చి, ఆవిడ పక్కన బెంచీమీద పెట్టి వెళ్లాడు. అది తొరక కట్టి చల్లారిపోయింది. తెల్లవారాక డాక్టరు బయటికొచ్చి, రక్తం ఆగిందని, గండం గడిచిందని చెప్పాడు. అప్పుడు గానీ ఆవిడ ఆ చల్లారిన టీ గ్లాసు అందుకోలేదు.

రాత్రి జరిగింది గేటు పుస్తకంలో రాయాలి కాబట్టి కాపలా ఆయన రాశాడు. పై అధికారి వచ్చి ఇద్దర్నీ చెడామడా తిట్టి, బండి వెంటనే తియ్యమన్నాడు. నర్సు అడ్డొచ్చి, హాలు పగలగొట్టింది మనమే కదా సార్ అంది. చివరికి మేడమీద పాత బట్టల గది ఖాళీ చేయించి, ఆవిడతోపాటు మరో ఐదుగురు ఆడవాళ్లకు చోటిచ్చారు. ఆ మధ్యాహ్నమే కుట్టత్తయ్య జనరేటరు మెకానిక్కు దగ్గర పానా తీసుకుని, బండి గొళ్ళెం బోల్టులతో సహా పీకి ఆసుపత్రి చెత్తకుండీలో పడేసింది.

చలిమావయ్య పందొమ్మిది రోజులకు ఇల్లు చేరాడు. పదిహేను కిలోలు తగ్గాడు, కారం మానేశాడు, కోపం పెరిగింది. ఆ రాత్రి సంగతి ఆవిడ నెలదాకా చెప్పలేదు. చెప్పాక ఆయన లేచి వెళ్లి బండి తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

ఆవిడ మాత్రం ఇప్పటికీ స్నానాల గదికి గడియ పెట్టదు. ఓరగా వేసుకుంటుంది, అంతే. ఎవరైనా వస్తే ఆయన బయటే కుర్చీ వేసుకుని కూర్చుని, “లోపల మనిషుంది,” అని చెబుతూంటాడు.