సభలో చెప్పాలని ఆయన ఆపుకున్న మాట

మా ఆయన చలపతిరావు గారు పోయి పదిహేను రోజులైంది. ఇది రాసిపెడుతున్న రామ్మోహన్ అన్నయ్య మొదటి వాక్యంలో ‘పరమపదించారు’ అని రాసి నాకు చదివి వినిపించారు. పోయారు అనే రాయమన్నాను. మంగళవారం పొద్దున, రోడ్డు పక్కన పెట్టిన చెత్త బిన్ను లోపలికి లాక్కొస్తూ గేటు దగ్గర కూలబడ్డారు. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. బిన్ను చక్రాల చప్పుడు మధ్యలో ఆగిపోయింది. పక్కింటివాళ్లతో మాటల్లో పడ్డారనుకున్నాను. అలా అనుకుని పాల దగ్గరే నిలబడ్డందుకు నామీద నాకే కోపంగా ఉంది. అంబులెన్సువాళ్లు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. గుండె అన్నారు.

నాకు రాయడం రాదు. రెండో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతే. నేను చెబుతుంటే మా వెనక వీధిలో ఉండే రామ్మోహన్ అన్నయ్య రాస్తున్నారు. ఆయన మావారికి ముప్పై ఏళ్ల స్నేహితుడు, ‘బావా’ అని పిలిచే చనువున్న మనిషి. సౌజన్యమూర్తి, నిగర్వి, ధర్మనిరతుడు లాంటి మాటలు ఆయన సొంతంగా కలుపుకుంటే నేను కాదనను. అవన్నీ నిజమే కూడా. కానీ నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క తీసేయకూడదని ముందే మాట తీసుకున్నాను.

మావారు తెనాలి దగ్గర పుట్టి, సిడ్నీలో రైళ్ల సిగ్నళ్లు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. “ఎర్రదీపం అందరికీ ఎర్రగానే కనపడాలి. మంత్రిగారి రైలుకి పచ్చగా కనపడిందంటే అది దీపం కాదు, ప్రమాదం” అనేవారు. ఆ పని ఆయనకి ఒంట్లోకి ఎక్కిపోయింది. మా అమ్మాయికి, నాకు గొడవ వచ్చినా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టేవారు. అన్నం చల్లారిపోయేది కానీ విచారణ తెమిలేది కాదు.

రోజూ పొద్దున్నే నాకు పేపరు చదివి వినిపించేవారు. ఇజ్రాయెల్ మీద ఆ తెల్లవారుజామున దాడి జరిగిన దగ్గర్నుంచి, గాజా మీద బాంబులు పడుతున్న రోజుల దాకా నాకు తెలిసిందంతా ఆయన గొంతులోంచి తెలిసిందే. ఒకరు రాసింది చదివాక దానికి ఎదురు రాసినవాళ్లది వెతికి మరీ చదివేవారు. “మొదటిది బాగానే ఉందిగా, మళ్లీ ఇదెందుకండీ?” అని విసుక్కునేదాన్ని. “మొదటిది బాగుందనిపించినప్పుడే రెండోది చదవాలే” అనేవారు.

సిడ్నీలోనే గిరావీన్ అనే పేటలో ప్రతి నెలా మొదటి ఆదివారం అద్దె హాల్లో జరిగే మన తెలుగు సభకి తొమ్మిదేళ్లు ఆయనే అధ్యక్షులు. మాట్లాడేవాళ్లు ఎవరైనా సరే ఐదు నిమిషాలు. అవగానే బల్ల మీది ఇత్తడి గంట కొట్టేవారు. ఇంట్లో నాకు మాత్రం అర నిమిషానికే కొట్టేవారని నేను ఎత్తిపొడిస్తే, “నీకు ఐదు నిమిషాలిస్తే నేను ఓడిపోతానే” అని నవ్వేవారు.

కిందటి సభకి ఆ యుద్ధాన్నే విషయంగా పెట్టారు. ఊళ్లో వారం వారం ఊరేగింపులు జరుగుతున్నాయి. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరిగి ఇద్దరు బయటికి వెళ్లిపోయారు. “ఫోనులో కరుచుకునే బదులు మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటే కొంచెమైనా సిగ్గుంటుంది” అని, ‘బాధ్యత ఎవరిది?’ అని పేరు పెట్టారు. వద్దని నలుగురు చెప్పారు. వినలేదు.

ముందు మాట్లాడింది రామ్మోహన్ అన్నయ్యే. వాళ్ల పక్కింట్లో ఒక యూదు ముసలావిడ ఉంది. ఆ దాడిలో ఆవిడ చెల్లెలి మనవడిని చంపేశారు. ఆవిడ వారం రోజులు తలుపు తీయకపోతే అన్నయ్య వాళ్లావిడ గుమ్మం ముందు చారు పెట్టి వచ్చేది. అదంతా చెబుతూ అన్నయ్య ఏడ్చేశారు. ఇళ్లలో నిద్రపోయేవాళ్లని చంపి, ఎత్తుకుపోయినవాళ్లదే బాధ్యత అన్నారు.

తర్వాత శైలజ లేచింది. ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, మా అమ్మాయి ఈడుది. “మొదలుపెట్టింది ఎవరు అంటే ఏ రోజు నుంచి మొదలు అంకుల్?” అని అడిగింది. ఆ గడ్డ మీద ఎన్నేళ్లుగా ఎవరు ఎవర్ని కదలనివ్వలేదో చెప్పింది. చంపినవాళ్ల తప్పు తను కాదనడం లేదని, పసిపిల్లల మీద వేసిన బాంబుకి వేసినవాళ్లు కూడా జవాబు చెప్పాలని అంది. తనతో పనిచేసే పాలస్తీనా నర్సుకి అన్న కుటుంబం గాజాలో ఉండేదట. “లాస్ట్ మంత్ డ్యూటీలో ఉండగా తనకి ఫోన్ వచ్చింది. తను నాతో ఏమందంటే...” అంటుండగా గంట మోగింది.

“అంకుల్, వన్ మినిట్. ఇదొక్కటి చెప్పేస్తాను.”

“గంట గంటేనమ్మా. కూర్చో.”

కూర్చుంది. నేను అప్పుడు వెనక పులిహోర గిన్నెల దగ్గర ఉన్నాను. శైలజ చేయి కడుక్కునే నెపంతో వచ్చింది. “ఇట్స్ నాట్ ఫెయిర్ ఆంటీ. ఆయనకి ఎంతసేపైనా ఇచ్చారు, నన్ను టైముకి కట్ చేశారు” అంది. కళ్లలో నీళ్లున్నాయి. నేను ప్లేటు చేతికిచ్చాను.

కారులో ఈ మాట చెబితే మావారికి కోపం వచ్చింది. “నేనా? ముప్పై ఏళ్లు సిగ్నళ్లు చూసిన నేను పక్షపాతం చూపిస్తానా?” అన్నారు. మర్నాడు సభ వీడియో వచ్చింది. టీవీలో పెట్టి, చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. అంకెలు నాకూ వచ్చు కదా, నేనూ చూశాను. అన్నయ్య ఏడు నిమిషాలు మాట్లాడారు. శైలజ సరిగ్గా ఐదు. మళ్లీ మొదట్నుంచి వేసి చూశారు. తర్వాత టీవీ కట్టేసి, “ఆ పిల్ల చెప్పింది నిజమేనే. వాడు ఏడుస్తుంటే నాకు గడియారం గుర్తుకురాలేదు. ఈ పిల్ల మాట్లాడుతుంటే చూస్తూనే ఉన్నాను” అన్నారు.

అన్నయ్యకి ఫోన్ చేశారు. “పోనీలే బావా, రెండు నిమిషాలకి కొంపలేం మునగవు” అన్నారు అన్నయ్య. శైలజకి చేస్తే, “ఇట్స్ ఓకే అంకుల్, లీవ్ ఇట్” అంది. ఆయనకి అదీ సరిపోలేదు. “అందరి ముందు కూర్చోబెట్టి, ఫోనులో సారీ చెబితే ఎట్లా? వచ్చే సభలో లేచి నిలబడి చెబుతాను. బాధ్యత ఎవరిదని అందర్నీ అడిగినవాణ్ణి, నాది నేను చెప్పుకోవద్దా?” అన్నారు. ఆ సభ ఇంకా ఐదు రోజులుందనగా పోయారు.

పరామర్శకి వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు, “ఇంతకీ ఆయన ఎవరి వైపు?” అని అడిగారు. చావింట్లో అడిగే మాటా అది? అయినా చెబుతున్నాను. ఆయన ఇంట్లో అన్నది ఇది: “ఇజ్రాయెల్‌లో నిద్రలో చచ్చినవాళ్లని చూపించి గాజాలో పిల్లల్ని చంపడం ఒప్పు కాదు. గాజా పిల్లల్ని చూపించి ఆ దాడినీ ఒప్పు చేయలేం. ఎవరి చేతులు చేసినదానికి వాళ్లే జవాబు చెప్పాలి.” అది ఏ వైపో మీరే అనుకోండి.

ఇక్కడికి వచ్చేసరికి అన్నయ్య పెన్ను కింద పెట్టారు.

“చెల్లెమ్మా, సంస్మరణలో ఈ గంట సంగతి అవసరమా? పోయిన మనిషి తప్పు పదిమందికీ చెప్పడం ఏం బాగుంటుంది?”

“మీ పేరు వస్తుందని భయమా అన్నయ్యా?”

“ఆ రోజు హాల్లో గోడ గడియారం నాకు ఎదురుగానే ఉందమ్మా. ఐదు దాటిందని నాకు తెలుసు. బావ ఆపడంలేదు కదా అని మాట్లాడుతూ పోయాను” అన్నారు అన్నయ్య.

అది కూడా రాయండి అన్నాను. పెన్ను తీసుకుని రాశారు. ఈ మనిషి మావారికి ముప్పై ఏళ్లు స్నేహితుడు ఎందుకయ్యాడో నాకు అప్పుడు తెలిసింది.

ఆయన పోయారని వాయిదా వేసిన ఆ సభ ఈ ఆదివారం పెట్టి, అందులో ఈ వ్యాసం చదువుతారట. ఆయన ఫొటోకి దండ వేస్తారట. వేయండి. అంతకంటే ముందు శైలజని పిలిచి, ఆ నర్సు ఏమందో చెప్పనివ్వండి. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకోండి, లేనివాళ్లు తర్వాత లేచి జవాబు చెప్పండి. తను చెప్పడం అయ్యేదాకా మాత్రం ఎవరూ కదలొద్దు.

శైలజా, తల్లీ, తప్పు మా ఆయనది. తెలిసి చేయలేదు, కానీ చేసింది ఆయనే. నిన్ను అందరి ముందు ఆపారు కాబట్టి అందరి ముందే చెబుతున్నాను, క్షమించు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో బయటి పనులన్నీ ఆయనే చూసుకున్నారు. ఆయన చెప్పాల్సిన మాట నేను చెప్పాల్సిరావడం ఇదే మొదటిసారి. ఆయన ఉంటే ఇంకా బాగా చెప్పేవారు.