ఇంజన్ విప్పిన రోజు

మూడేళ్ల క్రితం భీమిలి బీచ్‌లో టూరిస్టులను తిప్పడానికి ఇసుకలో నడిచే నాలుగు చక్రాల బండి, ఒక పాత ఏటీవీ కొన్నాను. నడపడానికి మా ఆవిడ తమ్ముడు రాజును చేపల వేట మాన్పించి తెచ్చాను. ఒక ఆదివారం ఇంజన్ పట్టేసి బండి ఇసుకలో ఆగిపోయింది. అలల్లోకి దింపి ఉంటాడని అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాను.

"నీల్లల్లోకి దింపలేదు బావా," అన్నాడు. మళ్లీ కొట్టాను.

మర్నాడు బండిని మెకానిక్ షెడ్డుకి చేర్చి, రాజును బయటే నిలబెట్టి లోపలికి వెళ్లాను. మెకానిక్ ఇంజన్ విప్పాడు.

"ఉప్పునీరేటీ లేదు. ఆయిలే సుక్క లేదు. కింద బోల్టు బిగించలేదు. ఆయిల్ మార్సిందెవులు?"

ఖర్చు కలిసొస్తుందని శనివారం ఆయిల్ మార్చింది నేనే.

"పార్టులేత్తే నడుత్తాది. సేసీమంటావా?"

చేయించగలను. కానీ పని అయ్యేదాకా రాజు ఈ షెడ్డు చుట్టూ తిరుగుతాడు, సంగతి తెలిసిపోతుంది.

"వద్దు, తుక్కుకి ఇచ్చీ," అన్నాను. బయటికొచ్చి రాజుతో, "ఉప్పునీరే తినేసింది," అన్నాను. వాడు తల దించుకున్నాడు.

రాజు మళ్లీ బోటెక్కాడు. బండి పోగొట్టానన్న బాధతో, వేట నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంటికి చేపలు పంపిస్తాడు. ఈసారి నిజం చెప్పేయాలనుకుంటూనే పులుసు రెండోసారి వేయించుకుంటాను.