తక్కెడ ఓబులేసు, రెండు పేటలు

ఏ వస్తువైనా, ఏ మనిషైనా ఒంటరిగా ఉంటే ఓబులేసు కంటికి ఆనదు. పక్కన ఇంకొకటి పెట్టి, ఇది మేలా అది మేలా అని తేల్చితే గాని ఆయనకు అన్నం సహించదు. అందుకే మార్కాపురం చుట్టుపక్కల నాలుగూళ్ల జనం ఆయన ఇంటిపేరు ఎప్పుడో మరిచిపోయి, తక్కెడ ఓబులేసు అని పిలుచుకునేవారు.

ఆయన కుడికాలి చెప్పు మార్కాపురంలో కుట్టించింది, ఎడమకాలిది గిద్దలూరులో కుట్టించింది. ఎవరి పనితనం గొప్పదో తేల్చడానికట. మూడేళ్లు తొడిగాక ఎవరో అడిగారు, "ఏం పెద్దనాయనా, తేలిందా?" అని. "గిద్దలూరుదే గట్టిగా ఉండాది. కాకపోతే నా ఎడంకాలు ఒట్టి సోమరిది, తక్కువ నడుస్తాది. అందుకని తీర్పు వాయిదా ఏసినా" అన్నాడు. పెళ్లికి పోతే పెళ్లికొడుకును వాళ్ల అన్నతో పోల్చేవాడు. చావుకు పోతే అంతకంటే ఘోరం. ఒకసారి పాడె మోస్తూ, "ఎన్నయినా చెప్పండి, పోయినేడు వీళ్ల చిన్నాయన పాడె ఇంతకంటే బిగువుగా కట్టినారు" అనేసరికి, ఏడుస్తున్న వాళ్లు ఏడుపాపి వల్లకాటి దాకా ఆయన్నే తిట్టారు.

ఎడ్లను కూడా వదల్లేదు. దారి పొడుగునా దాపటి ఎద్దు చెవిలో వలపటి దాని గొప్పలు, వలపటి ఎద్దు చెవిలో దాపటి దాని గొప్పలు చెబుతూ బండి తోలేవాడు. రెండూ పౌరుషానికి పోయి లాగేవి కాబట్టే ఆ బండి అందరికంటే ముందు చేరుతుందని ఊళ్లో చెప్పుకునేవారు. భార్య అంకాలమ్మ మాత్రం కాపురానికి వచ్చిన మూడోనాడే ఖరాఖండిగా చెప్పేసింది. "నన్ను మా అక్కతో పోల్చినావంటే, నీ ఇంటికీ మా పుట్టింటికీ ఉండే తేడా నేను పోల్చుకుంటా" అంది. ఆ ఒక్క విషయంలో ఓబులేసు నోరు కట్టుకున్నాడు.

ఇట్లాంటి మనిషికి దేవుడు రెండు వలసపేటలు చూపించాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

స్టేషను పక్కన ఉన్నది అరవ లైను. ఆర్కోణం, జోలార్‌పేట వైపు నుంచి రైలు కొలువుల మీద వచ్చిన కుటుంబాలవి. పలకల గనుల దగ్గర ఉన్నవి బళ్ళారి గుడిసెలు. కరువు తరిమితే రాతిపని వెతుక్కుంటూ వచ్చిన కన్నడం వాళ్లవి. ఓబులేసు పొద్దున్నే గనుల దగ్గర పలకలు బండికెత్తి, స్టేషను గూడ్సు షెడ్డులో దించి, మధ్యాహ్నానికి ఖాళీ బండితో తిరిగిపోయేవాడు. ఆ గనుల్లో చెక్కిన పలకలు మద్రాసు దాకా వెళ్లి, ఎవరెవరి పిల్లలకో అక్షరాలు దిద్దించేవి.

అరవ లైనులో నాలుగో ఇల్లు దయామణిది. భర్త కరుణాకరం స్టేషనులో పాయింట్స్‌మన్. ఆమె చిత్తూరు మిషను బడిలో తెలుగు, అరవం రెండూ చదువుకుని, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. స్టేషను వెనక పాడుబడ్డ దీపాల గదిని కడిగి సున్నం కొట్టించి, లైను పిల్లలను కూచోబెట్టి, నేల మీద ఇసుక పోసి చదువు చెప్పేది. పరాయి ఊళ్లో తనదీ అని చెప్పుకోవడానికి ఆమెకు ఆ గది ఒక్కటే ఉంది.

ఆ గది అరుగు మీదే ఓబులేసు రోజూ చెంబుడు నీళ్లు తాగి తుండుగుడ్డ పరిచేవాడు.

"పంతులమ్మా, మీకు వానొచ్చినా వరదొచ్చినా నెలకింత అని జీతం. బళ్ళారోళ్లకు నూరు పలకలు చెక్కితేనే కూలి, చెయ్యి తెగితే ఆ పూట పస్తే. మీకు పెంకుటిండ్లు, వాళ్లకు పలక ముక్కలు పేర్చిన గుడిసెలు. మీకు కొళాయి, వాళ్లకు అరకోసు దూరాన చెలమ. మీకు రైల్లో పాసు, వాళ్లకు కాళ్లు. పైగా ఆ రాతి దుమ్ముకు అందరికీ దగ్గే."

"అంటే మేమే అదృష్టవంతులం గదా పెద్దనాయనా?"

"తొందరపడొద్దు తల్లీ. ఈ పెంకుటిల్లు మీదా? రైలు కంపెనీది. రేపు బదిలీ కాగితం వస్తే మూట సర్దుకోవాల. వాళ్ల గుడిసె వాళ్లది. ఈడ నాలుగో ఇంట్లో జ్వరమొస్తే ఏడో ఇంటికి తెలీదు. ఆడ ఒకరికి జ్వరమొస్తే అందరి పొయ్యిల మీదా గంజి కాగుతాది. మీ ఆడోళ్లు గాజులు కొనాలన్నా మొగుణ్ణి అడగాల. ఆ గుడిసెల్లో హులిగెమ్మను చూడు, తన కూలి తన కొంగునే ముడేసుకుంటాది. ఆమె కూతురు పలక అంచు తీసిందంటే నూలుపోగు పట్టి గీసినట్టుంటాది. మీ పిల్లోళ్లేమో ఇసకలో కెలుకుతా ఉండారు. మీకంటే వాళ్లే నయం."

ఏ దారిన బయల్దేరినా చివరికి ఈ మాట దగ్గరికే చేరేవాడు. మీకంటే వాళ్లే నయం. ముగ్గు చూసినా అదే మాట, చంటిపిల్లకు పోసిన లాల చూసినా అదే మాట. లైను ఆడవాళ్లకు ఒళ్లు మండిపోయేది. "ఎవత్తె ఆ హులిగెమ్మ? ఒక్కసారి కళ్లారా చూడాలి" అనుకునేవారు. దయామణి పైకి నవ్వినా లోపల నొచ్చుకునేది. అయినవాళ్లను వదిలి ఇంత దూరం వచ్చి బతుకుతుంటే, ఈయన రోజూ వచ్చి తక్కువ తూచిపోతాడేమిటని ఆమె బాధ.

ఇంతలో జిల్లా బోర్డు నుంచి కాగితం వచ్చింది. వచ్చే నెల ఇనస్పెక్టరు వస్తాడు. ఇరవై మంది పిల్లలుంటే బడికి గుర్తింపు, లేకుంటే లేదు. గుర్తింపు లేని బడికి గది దేనికి, నూనె పీపాలు పెట్టుకుంటాం అని స్టేషను వాళ్లు అప్పుడే చెప్పేశారు. దయామణి పిల్లల్ని లెక్కపెట్టింది. పాలు మరవని ఒక పిల్లను కూడా కలుపుకుంటే పదకొండు మంది.

సంగతి విన్న ఓబులేసు తల ఊపాడు. "మార్కాపురం పెద్దబడిలో రెండొందల మంది ఉండారంట."

"నీకు దండం పెడతా పెద్దనాయనా. ఈ ఒక్కరోజుకు నీ పోలికలు చాలు" అంది దయామణి. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఓబులేసు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. బండెక్కి పగ్గాలు పట్టుకున్నాక, ఎడ్లకు చెబుతున్నట్టు, "బళ్ళారి గుడిసెల్లో బడీడు పిల్లోళ్లు పదమూడు మంది. పదకొండు కంటే పదమూడే ఎక్కువ" అని గొణిగి వెళ్లిపోయాడు.

ఆయన మాటకు మండిపడుతూనే దయామణి మనసులో కూడిక చేసింది. ఇరవై నాలుగు.

ఆదివారం నాడు భర్తను వెంటబెట్టుకుని గనుల దారి పట్టింది. దారంతా ఆమెకు ఒకటే గుబులు. మా దగ్గరే మమ్మల్ని ఇంత చులకన చేసినవాడు, అక్కడ ఇంకెంత చులకన చేసి చెప్పి ఉంటాడో, మొహం మీద తడిక వేసేస్తారేమో అనుకుంది.

గుడిసెల ముందు ఒకామె ఉలి పక్కన పెట్టి, దుమ్ము చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "అరవ లైను పంతులమ్మవు గదా? నాలుగో ఇల్లు?" అంది.

"నేను నీకెట్ల తెలుసమ్మా?"

"తెలీకపోవడమేంది! నేను హులిగెమ్మను. ఓబులేసు మామ రోజూ మా తల తింటాడు గదా. అరవ లైను ఆడోళ్లు తెల్లారకముందే వాకిలి చిమ్మి ముగ్గేస్తారు, మీరేమో పొద్దెక్కినా లేవరు. అక్కడి పిల్లోళ్లు పద్యం ఎత్తుకుంటే రైలు ఆగి వింటాది. మీ పిల్లోళ్లు చెక్కిన పలకల మీద ఊరోళ్ల బిడ్డలు రాసుకుంటారు, మీ బిడ్డలకు మాత్రం అక్షరం ముక్క రాదు. మీకంటే వాళ్లే నయం. ఇదే పాట."

దయామణి నోరు తెరిచింది. "మా దగ్గర మీరే నయమంటాడే!"

హులిగెమ్మ ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. పక్కన కరుణాకరం ఏమీ అర్థంకాక తన టోపీ సర్దుకున్నాడు.

"నీ సంగతి మాత్రం వేరే అక్కా" అంది హులిగెమ్మ కళ్లు తుడుచుకుని. "పంతులమ్మ ఎవరికంటే నయం మామా అని ఒకరోజు నేనే అడిగినా. ఆ మహాతల్లి పక్కన పెట్టి తూచడానికి రెండో మనిషి నాకింతవరకు దొరకలేదు అన్నాడు."

ఇన్నాళ్లూ ఆ ముసలాయన తనను తక్కువ చేస్తున్నాడనుకుంది దయామణి. తనను అసలు తక్కెడలోనే పెట్టలేదని ఇప్పుడు తెలిసింది. ఆయన మీద పడ్డ కోపమంతా కృతజ్ఞతగా మారి గుండె నిండిపోయింది.

పిల్లల్ని పంపాలనే హులిగెమ్మ వాళ్లకూ ఉంది. కాని అంతదూరం నడవలేరు, రోజంతా పోతే వాళ్లు తెచ్చే కూలి పోతుంది. మర్నాడు సంగతి విన్న ఓబులేసు మొహం చిట్లించాడు. "పలకలతో పోలిస్తే పిల్లోళ్లు పనికిరారు. పలకలు నోరు మూసుకుని కూసుంటాయి" అన్నాడు. అన్నాడే గాని, మరుసటి పొద్దున సగం పలకలే ఎత్తి, మిగతా సగంలో గడ్డి పరిచి పదమూడు మందిని కూచోబెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం ఖాళీ బండిలో వాళ్లను పనివేళకు దించి, తగ్గిన పలకల కోసం సాయంత్రం ఇంకో తిరుగుడు తిరిగేవాడు. దానికి ఎవరూ ఆయనకు దమ్మిడీ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

మొదటిరోజు బండి ఆగగానే లైను ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చారు. ఏమంటారోనని దయామణి గబగబా వచ్చి బండికీ వాళ్లకూ మధ్య నిలబడింది. ఏడో ఇంటావిడ ముందుకొచ్చి, "వీళ్లలో హులిగెమ్మ కూతురెవరు? నూలుపోగు పట్టినట్టు అంచు తీసేది నువ్వేనా? ఏదీ, నీ చెయ్యి చూడనీ" అంది. చూసి, ఆ అరచేతి కాయలు తడిమి, లోపలికెళ్లి కొబ్బరినూనె తెచ్చింది. ఏళ్ల తరబడి పేరుపేరునా విన్న మనుషులు పరాయివాళ్లు ఎట్లా అవుతారు?

గని పిల్లలు అంచు విరిగి పక్కన పడేసిన పలకలను సరిచేసి తలా రెండు తెచ్చారు. ఒకటి తమకు, ఒకటి పక్కన కూచున్న వాళ్లకు. ఇసుక ఊడ్చి బయట పోశారు.

ఇనస్పెక్టరు వచ్చాడు. ఇరవై నాలుగు తలలు లెక్కపెట్టుకుని, ఒకణ్ణి లేపి, పలక మీద ఒక మాట రాసి ఇచ్చాడు. "ఏముందిరా ఇందులో?"

వాడు పలకను వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఎడం పక్క సన్నటి పగులుంది సామీ. మద్రాసు చేరేలోపల రెండు ముక్కలయితాది."

"రాసింది చదవమంటే!"

"అదా? 'మేక' అని ఉంది సామీ."

"ఓహో, గనుల పేట పిల్లవాడివన్నమాట."

"కాదు సామీ. మా నాయన ఈడ పోర్టరు."

ఇనస్పెక్టరు తన కాగితంలో 'గనుల పేట' అని రాసుకున్నది కొట్టేశాడు. అంతలో దూరాన రైలు కూసింది. "పాసింజరు వచ్చినట్టుంది, త్వరగా కానివ్వాలి" అని ఆయన లేవబోయాడు. ముందు వరసలోని పిల్ల చెయ్యెత్తి, "కూసోండి సామీ, అది గూడ్సు. కూత బరువుగా ఉండాది" అంది.

"ఈమె తప్పకుండా రైల్వే పిల్లే" అన్నాడు ఇనస్పెక్టరు.

"మా అమ్మ హులిగెమ్మ సామీ. పలకలు చెక్కుతాది."

ఆయన కలం పక్కన పెట్టి, గడపలో నిలబడ్డ ఓబులేసు వైపు తిరిగాడు. "ఏమయ్యా, రెండు పేటలూ ఎరిగినవాడివి నువ్వేనట. చెప్పు, ఏ పేట పిల్లలు మేలు?"

కిటికీ దగ్గర లైను ఆడవాళ్లు, అరుగు మీద ఆ పూట పని మానుకుని వచ్చిన హులిగెమ్మ, అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఓబులేసు జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న అది. ఒక్క మాట జారితే ఏదో ఒక పేట నొచ్చుకుంటుంది.

ఓబులేసు పిల్లల్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకోసారి చూశాడు.

"నా వల్ల కాదు సామీ" అన్నాడు చివరికి. "వాళ్లు ఆడ, వీళ్లు ఈడ ఉన్నన్నాళ్లూ తూచి చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంతా కలిసి కూసున్నారు. ఏ బిడ్డ ఎవరిదో నాకే ఆనవాలు చిక్కడంలే."

ఇనస్పెక్టరు నవ్వి, కాగితం మీద సంతకం పెట్టి, గుర్తింపు ఇస్తున్నట్టు అక్కడే చదివి వినిపించాడు. పిల్లలు గోల చేశారు. హులిగెమ్మ, ఏడో ఇంటావిడ ఏమేమో భాషల్లో ఏమేమో చెప్పుకుని చేతులు పట్టుకున్నారు. ఓబులేసు మాత్రం అరుగు మూల కూలబడి, "నోటికి పని లేకుండా పాయె గదా" అని దిగాలుగా ఎడ్ల వైపు చూస్తున్నాడు.

దయామణికి ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. మొక్కితే ఆయన పారిపోతాడని తెలుసు. ఇంట్లోకి వెళ్లి, కాసేపటికి రెండు లోటాలతో వచ్చింది.

"పెద్దనాయనా, నీ మేలు ఈ జన్మలో మరిచిపోను. ఇదిగో, ఇది చక్కెర వేసిన కాఫీ, ఇది బెల్లం వేసింది. ఏది బాగుందో నువ్వే చెప్పాల."

ఓబులేసు మొహం వెలిగింది. ఇందులో ఒక గుక్క, అందులో ఒక గుక్క తాగాడు. మీసం తుడుచుకుని, తుండుగుడ్డ పరిచి, కాళ్లు మడుచుకుని సుఖంగా కూచున్నాడు.

"చెప్తా తల్లీ" అన్నాడు. "ఇది ఒక పూటలో తేలే సంగతి కాదు. రేపు గూడా ఇయ్యి."