కనిపించని మా గల్లీ గీత

దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు కంప్యూటర్ నేర్పి పొట్ట పోసుకుంటున్నాను కనుక, మా గల్లీ నీళ్ల గోడు కూడా నేనే బొమ్మ గీసి ఆఫీసులో చెప్పాలన్నారు గల్లీవాళ్లు. ఎల్బీనగర్ దాటాక ఎత్తు మీద ఉంటుంది మా గల్లీ. నల్లా వదిలిన రోజు కింది గల్లీలవాళ్లు పైపుకే మోటర్లు తగిలించి గుంజుకుంటారు. మాకు మిగిలేది గాలి, దాని వెనక నాలుగు చుక్కలు.

ఏ గల్లీకి ఎన్ని బిందెలు వస్తున్నాయో పక్కింటి అక్క ఇల్లిల్లూ తిరిగి అడిగొచ్చింది. గల్లీకో నిలువు కడ్డీ చొప్పున నేను బార్ చార్ట్ గీశాను.

"బారంటే మా ఆయన పోయేదేనా తమ్మీ?"

"దానికంటే ఇందులోనే మత్తెక్కువ అక్కా" అన్నాను, నా పనితనం మీద నాకున్న మత్తులో.

నీళ్ల ఆఫీసులో ఇంజనీరు కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. కింది గల్లీల కడ్డీలు మేడల్లా లేచాయి. మాది నేలకు కరుచుకుపోయి, ప్రింటులో పడనే లేదు.

"మీ గల్లీ ఏదండీ? లెక్క తీసుకోలేదా? తీసుకురండి, చూద్దాం."

"ఆ కనబడనిదే మాదండీ."

లేనిదాన్ని వేలు పెట్టి చూపించడం ఎంత కష్టమో!

ఈసారి కడ్డీల పక్కనుండే కొలత మార్చాను. పది, వంద, వెయ్యి. మెట్టు మెట్టుకూ పదింతలయ్యే కొలత. పెద్దది పేజీ దాటదు, చిన్నది మాయం కాదు. ఏళ్లుగా పాఠం చెబుతున్న చిట్కానే. మా కడ్డీ లేచి నిలబడింది.

"గిప్పుడు కనవడ్తున్నం తమ్మీ!" అని అక్క మురిసింది.

మళ్లీ ఆఫీసుకు పట్టుకెళితే ఇంజనీరు కూడా మురిశాడు. "చూశారా, వాళ్లదాంట్లో దాదాపు సగం ఉంది మీది. ఎత్తు మీదున్న గల్లీకి ఇంకేం కావాలి?"

"కడ్డీ సగముంటే నీళ్లు సగమని కాదండీ, ఒక్కో మెట్టుకూ పదింతలు..."

"గీసింది మీరే కదా?"

నేనే. ఆయన దాని మీద 'అంత తీవ్రం కాదు' అని రాసి ఫైల్లో పెట్టేశాడు. మొదటి బొమ్మతో లేనివాళ్లమయ్యాం, రెండోదానితో ఉన్నవాళ్లమయ్యాం. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే.

మళ్లీ నల్లా రోజు అక్క బిందె పక్కకు జరిపి చెంబు పెట్టింది.

"ఇంకో తీరుగ గియ్యరాదా తమ్మీ?"

"ఎట్ల గియ్యాలె అక్కా?"

ధార సన్నబడుతుంటే ఇద్దరం చెంబులోకే చూస్తూ నిలబడ్డాం. అది నిండకముందే నల్లా ఆగిపోయింది.