దిద్దని పటం

విజయనగరం గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆవిడ బుట్ట మీది తడిగుడ్డ తీసింది. మొగలి వాసన ఒక్కసారిగా ముక్కుకు కొట్టింది. నేను ఆగింది మల్లెపూల కోసం. మూర ఎంతని బేరమాడుతున్నదాన్ని మాట మధ్యలోనే ఆపేసి, డబ్బులిచ్చి, పూలు తీసుకోకుండానే స్కూటరెక్కాను. "ఓలమ్మ, పూలొగ్గీసి ఎల్పోతన్నావేటి!" అని ఆవిడ వెనకనుంచి కేకేస్తూనే ఉంది. మొగలిపూలంటే చాలామందికి ఇష్టం. జడలో పెట్టుకుంటారు, బీరువాలో చీరల మధ్య దాచుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే కాలు నిలవదు. ఇంటికొచ్చాక కూడా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను. దమయంతి మేడం పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ గురించి రాయాలని ఇంతకుముందు నాలుగైదుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ రెండు వాక్యాలు రాసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయాను. పనేమీ ఉండదు. భయం, అంతే.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దమయంతి మేడం మా బడికి సోషల్ టీచరుగా వచ్చారు. సొంతూరు విజయనగరం. మండల కేంద్రంలో గది అద్దెకు తీసుకుని, రోజూ బస్సులో వచ్చిపోయేవారు. పొట్టిగా, సన్నగా ఉండేవారు. కొంగు నడుముకు దోపుకుని క్లాసులోకి వచ్చారంటే గంట కొట్టేదాకా ఒకచోట నిలబడేవారు కాదు. ఆవిడ కుర్చీ మీద ఎప్పుడూ మా పుస్తకాల సంచులే ఉండేవి. పాఠం పుస్తకం భాషలో మొదలుపెట్టేవారు. ఉత్సాహమో కోపమో వచ్చిందంటే మా భాషలోకి దిగిపోయేవారు. మాకు అర్థమయ్యేది ఆ రెండోదే.

వచ్చిన కొత్తలోనే మా చేత ఊరి పటం గీయించారు. నాలుగు చార్టులు అంటించి ఒక్క పెద్ద పటం. బొమ్మలు బాగా వేస్తానని గీసే పని నాకు అప్పగించారు. సముద్రం, పడవలు, గంగమ్మ గుడి, జీడితోటలు, బడి, ఊరందరూ తాగే తియ్యనీటి నుయ్యి, అన్నీ పెట్టాను. నూతికీ సముద్రానికీ మధ్య ఉన్న పెద్ద ఇసుక దిబ్బ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ దిబ్బ నిండా మొగలి డొంకలు. ఇప్పుడు నేను చెప్పబోయేది మా ఊరివాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు వింతగానే ఉంటుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్ళేది ఆ డొంకల్లోకే. అందుకని "మొగలికెళ్ళొస్తాను" అంటే దొడ్డికి వెళ్ళొస్తానని అర్థం. ఆ మాట మగవాళ్ళ ముందు అనరు. పదిమంది చూసే పటంలో, మగపిల్లల ముందు, నా చేత్తో ఆ మాట రాయడమా? రాయలేదు. చెట్టు బొమ్మ కూడా వెయ్యలేదు. ఆ మేర తెల్లగా వదిలేశాను.

"ఇక్కడ ఖాళీ ఏటే, నీలవేణీ?" అని మేడం అడిగారు.

"ఇసక, మేడం."

"ఒట్టి ఇసకేనా?"

"ఒట్టి ఇసకే."

ఆవిడకు అయిదింటి బస్సు వేళయింది. పటం కింద "పరిశీలించాను" అని రాసి సంతకం పెట్టి పరుగెత్తారు. జెండా పండుగ రోజు సర్పంచిగారు ఆ పటం చూసి ముచ్చటపడి, పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించారు. నాకు ఒక పెన్ను బహుమతిగా ఇచ్చారు కూడా.

నెల తిరక్కుండా భూగోళంలో ఎడారి ప్రాంతాల పాఠం వచ్చింది. ఎడారిలో నాగజెముడు, దాని ముళ్ళు, మందపాటి కాండం. మేడం రెండు పేరాలు చదివి పుస్తకం మూసేశారు. కిటికీలోంచి చూస్తూ, "ఎడారి మొక్కని సూడ్డానికి రాజస్థాన్ ఎల్లాలేటి? ఆ దిబ్బ మీద పచ్చగా కనిపిస్తన్నాయేటవి? మొగలి కాదేటి? పదండి, అందరం కలిసి మొగలికెల్దాం!" అన్నారు. క్లాసంతా ఒక్క క్షణం బిగుసుకుపోయి, ఆ తర్వాత గొల్లుమంది. మగపిల్లలు బల్లల మీద పడి నవ్వారు. ఆడపిల్లలం తలలు పైకెత్తలేదు. ఏమీ అర్థంకాక ఆవిడ నన్ను వరండాలోకి పిలిచి అడిగారు. గోడకేసి చూస్తూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అయితే ఆ పటంలో ఇసకన్నావు, అందుకేనా?" అన్నారు. తలూపాను.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని దిబ్బకు తీసుకెళ్ళనే వెళ్ళారు. ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక. పుట్టినప్పటినుంచీ చూస్తున్న మొక్కను ఆ రోజు మొదటిసారి చూశాను. ఆకు కాలువలా వంగి ఉంటుంది. పడ్డ వాన చుక్కను జార్చుకుంటూ మొక్క మొదట్లోకి చేరవేస్తుంది. ఉప్పుగాలికి ఎండిపోకుండా ఆకు మీద మైనం పూత. ఇసుక కదిలినా పడిపోకుండా, కాండం నుంచి ఊతకర్రల్లా నేలలోకి దిగిన వేర్లు. వాటి కింద మేకగిట్ట ఆకారంలో ఆకులున్న తీగ. ఇసుక కప్పేసిన కొద్దీ కణుపు కణుపుకీ వేరు వేసి పైకి లేస్తుంది. మేడం మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తవ్వుతూనే ఉన్నారు. మోచెయ్యి లోతుకు వెళ్ళేసరికి చల్లటి తడి తగిలింది. "పట్టుకు సూడండర్రా. వాననీరు ఈ దిబ్బలోన దిగి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలతాది. మీ నుయ్యి తియ్యగా ఉన్నాదంటే ఇందుకే. దిబ్బ పోతే ఉప్పునీళ్ళే. దిబ్బనెవులు పట్టుకున్నారు? ఈ మొగలి. దీన్ని పట్టుకుని నవ్వుతారేటి?" అన్నారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

తిరిగొస్తూ నాతో, "పటం దిద్దీసి రా. పచ్చరంగు ఎయ్యి, పేరు రాయి. సిగ్గుపడాల్సింది మొక్క పేరు రాసినోళ్ళు కాదు, ఆడోళ్ళకి మరుగుదొడ్డి కట్టించనోళ్ళు," అన్నారు.

రంగుపెన్సిల్ జేబులో పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. అరుగు మీద ఎనిమిదిమంది మగవాళ్ళు పేకాడుతున్నారు. "ఏటే గుంటా, ఏటి కావాలి?" అన్నారొకరు. ఏమీ వద్దని వెనక్కి తిరిగాను. మర్నాడు మేడం అడిగితే, "దిద్దీసినాను మేడం," అన్నాను. ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టింది? ఊపిరి తీసుకున్నంతసేపు. నిజంగా దిద్దడానికి నాకు ఏడాది సమయం ఉంది. రోజూ ఆ ఆఫీసు ముందునుంచే బడికి వెళ్ళేదాన్ని.

మరుసటి ఏడు వానాకాలంలో పంచాయతీ ఆఫీసులో గ్రామసభ పెట్టారు. దిబ్బ చదును చేసి ఒడ్డుదాకా రోడ్డు, చేపలు ఎండబెట్టడానికి సిమెంటు కళ్ళం వేస్తారని. ఊరందరికీ అది కావాలి. అమ్మకూ కావాలి, ఒడ్డుకే వ్యాను వస్తే గంప మోత తప్పుతుంది. అమ్మ కోరిక తప్పని నేను ఇప్పటికీ అనను. మేడం ఆ రోజు సెలవు పెట్టి మరీ వచ్చారు. "రోడ్డొద్దని నాను అనడం నేదు. దక్షిణం పక్కకి జరపండి, అక్కడ ఒట్టి ఇసకే. ఈ డొంకలు పీకితే మీ నుయ్యి పోతాది," అన్నారు. వచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. గోడకేసి చూపించి, "మేడం, మీ బడి పిల్లలు గీసిన పటంలోనే ఇక్కడ ఏమీ లేదు కదండీ. కింద మీ సంతకం ఉంది," అన్నాడు.

మేడం నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నా మీద నమ్మకంతో నవ్విన నవ్వు. "అది దిద్దించీసినానండి. దగ్గరికెల్లి సూడండి," అంటూ తనే ముందు నడిచారు. పటం దగ్గర ఆగారు. అక్కడ తెల్లటి కాగితం, దానిమీద ఏడాది దుమ్ము. వెనక్కి తిరిగి, జనంలో నన్ను కళ్ళతో వెతికి పట్టుకున్నారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"తప్పు నాదేనండి," అన్నారు మేడం. "సూడకుండా సంతకం పెట్టీసినాను."

"పంతులమ్మకే ఊరు తెలీదు, మనకి సెప్పొచ్చినాది!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనం నవ్వారు. మేడం పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడ కూర్చోగా నేను చూడడం అదే మొదలు.

రెండు రోజుల్లో యంత్రాలు పని ముగించాయి. డొంకలు పూత మీద ఉన్నాయి. పెళ్ళగించిన మొగలి వాసన ఊరి మీద వారం రోజులు కమ్ముకుని ఉంది. అన్నంలో అదే, నీళ్ళలో అదే, తలగడలో అదే.

మేడం ఎక్కడ కనిపిస్తే అక్కడ కాళ్ళ మీద పడాలనుకున్నాను. బడి వరండాలో ఎదురుపడ్డప్పుడు "నన్ను తిట్టండి మేడం" అని ఏడ్చాను. "తిడితే నీ బరువు దిగిపోద్ది. దిగనివ్వను," అన్నారావిడ. "ఆదివారం పిల్లల్ని తీసుకుని రా. పనుంది." ఆదివారాలు మొగలి కొమ్మలు నరికి తెచ్చి, మిగిలిన దిబ్బ అంచున పాతాం. నేను బిందెలతో నీళ్ళు మోశాను. సగానికి పైగా చచ్చిపోయాయి. బతికినవి ఇంకా ఉన్నాయి, పాతిక గజాల మేర ఉంటాయేమో. ఆ వేసవికి నుయ్యి ఉప్పుబారింది. మేడంకు బదిలీ అయింది.

ఇప్పుడు నేను సర్వేయర్ని. నా జతగాళ్ళు ఒక ఊరు పూర్తిచేసే సమయంలో నేను సగం ఊరే చేస్తానని పైవాళ్ళు విసుక్కుంటారు. ఏ దిబ్బనైనా, ఏ తుప్పనైనా "ఖాళీ" అని రాయమన్నప్పుడు నాకు చెయ్యి ఆడదు. అక్కడి ఆడవాళ్ళను పక్కకు పిలిచి, ఆ చోటును మీరేమంటారమ్మా అని అడుగుతాను. చెప్పడానికి సిగ్గుపడ్డారంటే అక్కడ తప్పకుండా ఏదో ఉన్నట్టే. ఇది ఏ శిక్షణలోనూ నేర్పలేదు. నా తప్పు నేర్పింది, ఆ తప్పు మీద తన పేరు పెట్టుకున్న ఆవిడ నేర్పింది.

మేడం రిటైరయ్యాక విజయనగరంలో వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఆరోగ్యం బాగాలేదు. అయినా మంచం మీదినుంచి లేచి టీ పెట్టారు. "పటం సంగతి ఊళ్ళో సెప్పినావేటే?" అని అడిగారు, నీరెండ బాగుందన్నంత మామూలుగా. "ఇంకా లేదు మేడం," అన్నాను. "సరే, టీ తాగు. సల్లారిపోతాది," అన్నారు. ఆ తర్వాత ఆవిడను చూడలేదు.

మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడల్లా వరుసలో ఎవరో ఒకరు ఆ మాట తెస్తారు: ఆ పంతులమ్మ తప్పుడు పటం గీయించి మన నుయ్యి ముంచేసిందని. చిన్నపిల్లలకు కూడా ఆవిడ అలాగే తెలుసు. నేను ఊరికి వెళ్ళినప్పుడు విని, పని ఉన్నట్టు ఇంట్లోకి వెళ్ళిపోతాను.

ఇంతవరకూ రాసి, అమ్మకు ఫోన్ చేశాను. పటం సంగతి, పెన్సిల్ సంగతి, అబద్ధం సంగతి, అన్నీ ఒక్క బిగిన చెప్పేశాను.

"బిందె నెత్తికెత్తుకున్నప్పుడల్లా ఆయమ్మని తిట్టుకున్నానే," అంది అమ్మ. "పోనాదని నువ్వు సెప్పిన్నాడు కూడా, పోతే పోనీ అన్నాను. ఏటి సేసినావే నా సేత?"

నాకు ఏడుపు వచ్చింది. అమ్మ ఓదార్చలేదు.

"నా ఒక్కదానికి సెప్తే ఏటవుద్ది? ట్యాంకరు కాడికొచ్చి సెప్పు. అందరూ ఉంటారు. రేపొద్దున ఏడింటికే వస్తాది, బేగి రా."

బ్యాగు సర్దుకున్నాను. చెప్పాల్సింది చిన్న మాటే: ఆ చోటు ఖాళీగా వదిలింది నేను, దిద్దానని అబద్ధమాడింది నేను, దమయంతి మేడం కాదు. ఒకసారి పైకి అని చూసుకుందామని అద్దం ముందు నిలబడ్డాను. నోటిదాకా వచ్చాక ఆపేశాను. పైకి అనడమంటూ జరిగితే, అది ఆ నీళ్ళ వరుసలోనే జరగాలి.