వదిన ఆకు చాయ్

కాఫీ చెట్టు ఆకుతో చాయ్ పెడతారని మొదటిసారి విన్నప్పుడు మా వదినను నేను అడిగిన ప్రశ్న ఒకటే: "మరి మేకలకు ఏం మిగులుస్తున్నవ్ వదినా?"

మా పెద్దన్న భార్య ఆమె. పుట్టిల్లు కాఫీ తోటలున్న కొండల వైపు. కాపురానికి వస్తూ తెచ్చుకున్న నాలుగు మొక్కల్ని దమ్మపేట దగ్గరి మా ఊళ్లో, పెరట్లో మామిడి నీడన నాటింది. మా ఎండలకు అవి కాయ నిలపలేదు కానీ ఆకు మాత్రం దండిగా వేశాయి. ఆ ఆకే ఆమె చాయ్.

"నీకేం తెలుసు మరిదీ, ఏడో తరగతిల బడి ఎగ్గొట్టినోడివి."

"బడిల ఆకులు తినుడు నేర్పుతరని తెలిస్తే ఎగ్గొట్టకపోదును."

తాగాక మాత్రం నా వేళాకోళం కాస్త తగ్గింది. లేత ఆకును ఆవిరి పట్టి ఆరబెడితే పచ్చి చిక్కుడుకాయ వాసన. ముదురాకును ఒకరోజు నీడలో వాడనిచ్చి, అరచేతుల మధ్య నలిపి, తడిగుడ్డలో మూటగట్టి మాగబెడితే గోధుమరంగుకు తిరిగి, చాయ్‌కి తేనె వాసన పట్టేది. మాగిన ఆకును మట్టి పెంకు మీద వేయిస్తే అడుగంటిన బెల్లం పాకం, నాలుక చివర చిరుచేదు. మూడూ ఒక్క చెట్టువే. నాకు తేనె వాసనదే ఇష్టం. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. ఎట్లుందంటే "ఇంకా బతికే ఉన్న" అనేవాణ్ని.

దమ్మపేటలో రోడ్డు పక్కన నాకు చాయ్ బండి ఉంది. ఒక్క సంతనాడైనా తన చాయ్ అక్కడ పోయాలని, పదిమంది తాగుతుంటే చూడాలని ఆమె కోరిక. కిందటేడు సరేనన్నాను. అప్పుడు అన్నావాళ్లింట్లో సున్నాలు వేస్తున్నారు. దుమ్ము పడుతుందని, మాగబెట్టిన ఆకు మూట నా చేతికిచ్చింది.

"చాటల పోసి నీడకు ఆరబెట్టు. గంటకోపారి తిప్పు. జల్దీ చెయ్యకు మరిదీ."

"అవ్ వదినా, పసిపిల్ల లెక్క చూసుకుంట."

గంటకోసారి తిప్పే ఓపిక నాకెక్కడిది? మిరపకాయలు ఆరబోసే పట్టా దులిపి, ఎండలో పరిచి, ఆకు పోసి బండికి పోయాను. సాయంత్రానికి ఆకు గలగలలాడింది. మురిసిపోయాను.

సంతనాడు వదిన కొత్తచీర కట్టుకొచ్చి బండి పక్కన నిలబడింది. మొదటి గుక్కకే ఒకాయనకు పొలమారింది. ఇంకొకాయన దగ్గుతూ, "ఏందిది, చాయా, మిరపకాయల చారా?" అన్నాడు. నేనూ ఒక గుక్క తాగి చూశాను. గొంతులో మంట. అప్పుడు గుర్తొచ్చింది పట్టా. ఎండకు తేనె వాసన కూడా పోయి ఎండుగడ్డి మిగిలింది.

నిజం చెప్పాల్సింది అప్పుడే. నా నోరు అలవాటు కొద్దీ పరిగెత్తింది: "మా వదిన చేతి ఘాటు గట్లనే ఉంటది! మా అన్న ఎట్ల బతుకుతుండో చూడుండ్రి!"

అందరూ పగలబడి నవ్వారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వింది. పోతూ పోతూ మెల్లగా, "తడిగుడ్డల ఎక్కువసేపు ఉంచిన్నేమో మరిదీ. నీ బండి పేరు ఖరాబు చేసిన" అన్నది.

"పోనీ వదినా, గిట్లయితది ఒక్కోపారి" అన్నాను. క్షమించినవాడిలా.

ఆ తర్వాత ఆమె ఆకు కోయలేదు. మొన్న వెళ్తే షాపు టీపొడితో, పాలు పోసి చాయ్ ఇచ్చింది. చెప్పేద్దామని గ్లాసు కింద పెట్టి, "వదినా, ఆ సంతనాడు..." అన్నాను.

"ఇడ్సిపెట్టు మరిదీ. మా అమ్మ మంచిగనే నేర్పింది. నాకే రాలె."

కింద పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని ఒక గుక్క తాగాను.

"చక్కెర సరిపోయిందా?" అని అడిగింది. సరిపోయిందన్నాను.