తూకానికి రాని పట్టెడ

జహనుమా బస్తీలో ఉండే ఆగమ్మ ఇల్లిల్లూ తిరిగి పాత గిల్టు నగలు కొనేది. ఏ నగనైనా మొదట వెనక్కి తిప్పి చూసేది. పనివాడి చెయ్యి అక్కడే తెలుస్తుందని ఆమె నమ్మకం. పంతొమ్మిది వందల డెబ్బై రెండులో, మెరుగు పోయిన గాజురాళ్ల పట్టెడ ఒకటి అఫ్జల్‌గంజ్‌లో పాత నగలు కొనే సేఠ్‌కు చూపింది. ఆయన తిప్పనైనా తిప్పకుండా తరాజులో పడేశాడు.

"పీతల్, ఉత్త ఇత్తడే కదా, తూకానికి తీసుకుంట."

ఆగమ్మకు ఒళ్లు మండింది. "బంగారమని నేను చెప్పిన్నా? ఎనక సూడు సేఠ్, ఒక్కో రాయికి ఒక్కో గూడు చేత్తోని చేసిండు!" పట్టెడ లాక్కుని వచ్చేసింది.

రెండేళ్లకు ఒక నాటక కంపెనీ వాళ్లు అలాంటి పాత పనితనమే కావాలని పట్టుబడితే, సేఠ్ ఆమెకు కబురంపాడు. ఆగమ్మ వచ్చింది కానీ మూట విప్పలేదు.

"ముందు గా తరాజు కిందవెట్టు సేఠ్. ఎనక సూసినంకనే రేటు మాట్లాడుదాం."